ఏకశిలా నగరంలో ఎండ పరుగు

ఓరుగల్లు అన్న పేరుకు ఒంటి రాయి అని అర్థం చెబుతారు. సంస్కృతంలో ఏకశిలా నగరమన్నా, తెలుగులో ఓరుగల్లన్నా, కోట లోపల ఒంటరిగా లేచి నిలిచిన గుట్టే ఆ పేరుకు మూలమన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. ఆ గుట్ట ఒక్కటే కాక, హనుమకొండలోని పద్మాక్షి గుట్టా, కాజీపేట చుట్టూ కనిపించే బోడిగుట్టలూ అన్నీ దక్కన్ పీఠభూమికి చెందిన గట్టి రాతి గుట్టలే కావడం వల్ల, ఈ ప్రాంతపు వేసవిని గురించి ఆలోచించేవారు గాలితోపాటు రాతిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. పగలంతా ఎండను తాగిన రాయి, దానితోపాటు తారురోడ్డూ సిమెంటు గోడా, పొద్దుగూకిన తరువాత ఆ వేడిని మెల్లమెల్లగా వదులుతూ ఉంటాయి కాబట్టి, ఊరు కాస్త చల్లబడేది తెల్లవారకముందు ఒకటి రెండు గంటలు మాత్రమే. మార్చి చివరి ఆదివారం జరిగిన ఒక పది కిలోమీటర్ల పరుగులో పాల్గొనడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక యాత్రికుడి నిరాశకు కారణం వెదికితే, అది ఆ ఒకటి రెండు గంటల దగ్గరే దొరుకుతుంది.

రోడ్డు పరుగు అంటే స్టేడియంలోని 400 మీటర్ల ట్రాకు మీద కాక ఊరి వీధుల గుండా సాగే పోటీ. ఇందులో గెలవడానికి వచ్చేవారు పదిమంది ఉంటే, తమ పాత సమయాన్ని తామే దాటాలని వచ్చే ఉద్యోగులూ గృహిణులూ విద్యార్థులూ వందల్లో ఉంటారు. పది కిలోమీటర్లు, దాదాపు 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్, 42.195 కిలోమీటర్ల పూర్తి మారథాన్ ఇందులో పేరుపొందిన దూరాలు. చివరిది 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరం కాగా, దాన్నే 1921లో ప్రమాణంగా స్థిరపరిచారు. మన ప్రాంతంలో ఈ అభిరుచి ముందుగా హైదరాబాదులో వేళ్లూనుకొని, అక్కడి నుంచి జిల్లా కేంద్రాలకు పాకింది. హైదరాబాదు మారథాన్ వానాకాలంలో, ఆగస్టులో, చీకటి ఉండగానే మొదలవుతుంది. జిల్లాల్లో జరిగే చిన్న పరుగులు మాత్రం పరీక్షలూ పండుగలూ ఎన్నికలూ చూసుకొని, మిగిలిన ఆదివారాన్ని పట్టుకొంటాయి. ఆ మిగిలిన ఆదివారం చాలాసార్లు ఎండలోనే పడుతుంది.

సికింద్రాబాదులో రైలెక్కినవారికి వరంగల్ కంటే ముందు కాజీపేట వస్తుంది. బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు వెళ్లే దారీ, విజయవాడ వైపు వెళ్లే దారీ విడిపోయే పెద్ద కూడలి అది. కాజీపేట, హనుమకొండ, వరంగల్ ఒకప్పుడు మూడు వేర్వేరు ఊళ్లయినా, ఇప్పుడు ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలవుతుందో కొత్తవారికి తెలియదు. శుక్రవారం రాత్రి దిగిన యాత్రికుడు శనివారం వేకువనే హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లాడు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగినది ఇక్కడే. పంజాబుకు చెందిన హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, సునీతా రాణి పేరిట 2002 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డును దాటినదీ ఈ ట్రాకు మీదే. పరుగు మీద ఆసక్తి ఉన్నవారికి వేయిస్తంభాల గుడి ఎంత దర్శనీయమో ఈ ట్రాకూ అంతే దర్శనీయం. ఊరికి ఈ విషయంలో గర్వించడానికి ఇంకా కారణాలున్నాయి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి 2024 మే నెలలో జపానులోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణాన్నీ ప్రపంచ రికార్డునూ సాధించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. ఆమె పోటీపడే టీ20 విభాగం మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారులకు కేటాయించినది.

అయితే ఇక్కడి యువతలో ఎక్కువమందికి పరుగు పతకం కోసం కాదు, కొలువు కోసం. పోలీసు నియామకాల్లో దేహదారుఢ్య పరీక్షను ఇక్కడ అందరూ ఈవెంట్స్ అనే అంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవారు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవారు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆ గడువును అందుకోవాలని కాకతీయ విశ్వవిద్యాలయం మైదానంలోనూ, సుబేదారి వైపు కాలేజీ మైదానాల్లోనూ, భద్రకాళి చెరువు కట్ట మీదా చీకటితోనే పరుగు మొదలుపెట్టే పిల్లలు పొద్దు ఎక్కేసరికి బూట్లు విప్పి, గోడ నీడన కూర్చొని, నానబెట్టిన శనగలు తింటూ కనిపిస్తారు. ఎప్పుడు పరుగెత్తాలో ఎప్పుడు ఆపాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి వెళ్లే కూలీల లెక్కా అదే: కోడికూతకు లేచి, ఎండ నడినెత్తికి రాకముందే సగం పని ముగించుకోవడం. సూర్యుడితో సర్దుకొని బతికే ఈ పద్ధతి ఊరందరికీ తెలిసినదే. తెలియనిది ఆదివారం నాటి వేదికకు మాత్రమే.

పరుగు ఐదున్నరకు మొదలవుతుందని ప్రకటించారు. మార్చి చివర వరంగల్‌లో సూర్యోదయం సుమారు 6 గంటల 15 నిమిషాలకు కాబట్టి, అనుకొన్న వేళకు కదిలి ఉంటే గంటలో ముగించగలవారు తమ దారిలో మూడు వంతులు ఎండ పడకముందే దాటేవారు. ఐదింటికే వచ్చినవారు బిబ్బులు, అంటే ఛాతీకి పిన్నులతో తగిలించుకొనే అంకెల కాగితాలు, సరిచూసుకొని వరుసల్లో నిలబడ్డారు. పెద్ద స్పీకర్లలో పాటలు మొదలయ్యాయి. పాటలకు తగినట్లు ఎగురుతూ ఒళ్లు వేడెక్కించుకోవలసిందిగా వేదిక మీది నుంచి పిలుపు వచ్చింది. జెండా ఊపవలసిన అతిథి దారిలో ఉన్నారని మొదట ఒకసారి, తరువాత రెండుసార్లు ప్రకటించారు. అతిథి వచ్చి, సన్మానం ముగిసి, ఆరోగ్యం మీద ప్రసంగం ముగిసి, జెండా కిందికి దిగేసరికి 6 గంటల 25 నిమిషాలైంది. అప్పటికే తూర్పున గుట్టల మీది నుంచి ఎండ రోడ్డు మీదికి దిగింది. నిర్వాహకులకు అది యాభై ఐదు నిమిషాల ఆలస్యం. పరుగెత్తేవారికి మాత్రం ఒక ఋతువు మారినట్లే.

ఈ మాటలో అతిశయం లేదని శరీరం చేసే లెక్కే చెబుతుంది. మనిషి పరుగెత్తేటప్పుడు ఖర్చయ్యే శక్తి, ఉజ్జాయింపుగా, కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కిలో కేలరీ. 70 కిలోల మనిషి పది కిలోమీటర్లకు 700 కిలో కేలరీలు ఖర్చు చేస్తే, అందులో కండరాల పనికి అక్కరకొచ్చేది నాలుగో వంతు లోపే. మిగిలిన 500కు పైగా కిలో కేలరీలు వేడిగానే మారుతాయి. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ఒంటి ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీల దాకా పెరగాలి. 37 డిగ్రీల దగ్గర బతికే శరీరం 40 దాటితేనే ప్రమాదంలో పడుతుంది. ఆ ప్రమాదాన్ని ఆపేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఇక్కడ గమనించవలసిన మాట ఆవిరి కావడం. గడ్డం మీది నుంచి బొట్లుబొట్లుగా కారి నేలపాలయ్యే చెమట ఒంటిలోని నీటినీ ఉప్పునూ ఖర్చు చేస్తుందే తప్ప చల్లదనం ఇవ్వదు. గాలిలో తేమ ఎక్కువైనా, పైనుంచి ఎండా కిందినుంచి తారురోడ్డు సెగా కలిసి కొత్త వేడిని చేర్చినా లెక్క తలకిందులవుతుంది. అప్పుడు గుండె ఒకవైపు కండరాలకు, మరొకవైపు చల్లబడవలసిన చర్మానికి రక్తాన్ని పంచలేక, అదే వేగానికి మునుపటికంటే ఎక్కువసార్లు కొట్టుకొంటుంది.

అందుకే పరుగు పోటీలకు మామూలు థర్మామీటరు చాలదు. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కొత్తగా చేరిన యువకులు వేడికి కుప్పకూలుతుండగా, దానికి విరుగుడుగా ఒక సూచికను రూపొందించారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకెకు పదింట ఏడు వంతులు, ఎండను పీల్చే నల్లని లోహపు గోళంలో పెట్టిన థర్మామీటరుకు రెండు వంతులు, నీడలో చూసే మామూలు ఉష్ణోగ్రతకు ఒక వంతు ప్రాధాన్యం ఇచ్చి కూడితే వచ్చే ఈ సంఖ్యను వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. తేమకు అంత పెద్ద వాటా ఇవ్వడం చూస్తేనే, మనిషి ప్రాణం చెమట ఆరడం మీద ఎంతగా ఆధారపడి ఉందో అర్థమవుతుంది. ఈ సంఖ్య 28 దాటితే దూరపు పరుగులను రద్దు చేయడమో వాయిదా వేయడమో మంచిదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ సలహా. ఇంత చిన్న పరికరం మన జిల్లా పరుగుల్లో ఎక్కడా కనిపించకపోవడం విచారకరం. పతకాల తయారీకి అయ్యే ఖర్చులో అది ఎన్నో వంతు కాదు.

దారి విషయంలో మాత్రం ఎవరికీ ఫిర్యాదు ఉండదు. హనుమకొండలో మొదలై కోట లోపల ముగిసే ఆ దారి, తెలిసో తెలియకో, కాకతీయులు తమ రాజధానిని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మార్చుకొన్న క్రమాన్నే అనుసరిస్తుంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి మొదటి కిలోమీటర్లలోనే వస్తుంది. అక్కడి నల్లరాతి నంది వైపు కన్ను తిప్పడానికి ఇంకా ఊపిరి మిగిలి ఉన్న చోటు అది. అక్కడి నుంచి ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి, వరంగల్ చౌరస్తా దాటి రైల్వే స్టేషను వైపు సాగేసరికి ఏడు గంటలు కావస్తుంది. దుకాణాల షట్టర్లు లేస్తుంటాయి, ఆటోలు పరుగుల వరుసలోకి చొచ్చుకొస్తుంటాయి, ఎండ సూటిగా ముఖానికి తగులుతుంటుంది. గంటకు పది కిలోమీటర్లకు పైగా వేగంతో, 55 నిమిషాల్లో ముగించాలని నెలల తరబడి అభ్యాసం చేసిన యాత్రికుడి అడుగు ఐదో కిలోమీటరు దగ్గరే బరువెక్కింది. రెండో నీళ్ల బల్ల దగ్గర బల్ల ఉంది, ఖాళీ సీసాలున్నాయి, నీళ్లు లేవు. వెనుక వచ్చేవారి సంఖ్య ముందు వచ్చేవారికంటే ఎక్కువనీ, వారే ఎక్కువసేపు ఎండలో ఉంటారనీ లెక్కవేసినవారు లేకపోయారు. వేడి పెరిగేకొద్దీ మారథాన్ సమయాలు ఎలా పెరుగుతాయో పరిశీలించిన శాస్త్రవేత్తలు తేల్చినదీ ఇదే: అందరూ నెమ్మదిస్తారు, కాని నెమ్మదిగా పరుగెత్తేవారు ఇంకా ఎక్కువ నెమ్మదిస్తారు. నీళ్లు ముందుగా అయిపోకూడనిది వారికే.

స్టేషను దాటి కోట రోడ్డు పట్టిన తరువాత, ఒక వేపచెట్టు కింద తాటాకుల పందిరీ, రెండు మట్టి రంజనులూ కనిపించాయి. చలివేంద్రం అంటే వేసవిలో దారినపోయేవారికి ఉచితంగా మంచినీళ్లు పోసే పందిరి. పుణ్యం కోసం పెట్టేవారు కొందరు, చనిపోయిన పెద్దల పేరిట పెట్టేవారు కొందరు. అక్కడ కూర్చున్న ఒక పెద్దమ్మ, ఒగరుస్తూ ఆగిన యాత్రికుడిని చూసి, "గింత ఎండల ఎందుకు ఉరుకుతున్నవ్ బిడ్డా, జర కూసో, సల్ల తాగిపో" అంది. తెలంగాణలో పరుగెత్తడాన్ని ఉరుకుడు అంటారు, మజ్జిగను సల్ల అంటారు. ఉప్పు వేసిన ఆ పలుచని మజ్జిగలో నీరూ లవణమూ రెండూ ఉన్నాయి. పరుగుల వారు ప్యాకెట్లలో కొనుక్కొని తాగేదీ దాదాపు ఆ రెంటినే. ఉత్త నీరు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి అదొక వేరే ప్రమాదమవుతుందని వైద్యులు హెచ్చరిస్తారు గనుక, పెద్దమ్మ గ్లాసులో శాస్త్రం ఉందనడం పొగడ్త కాదు. యాత్రికుడు కూర్చున్నాడు. చేతి గడియారం నడుస్తూనే ఉంది. నాలుగు నిమిషాలు.

ఎండ పరుగుల చరిత్ర తెలిసినవారికి ఈ సన్నివేశం మరొకదాన్ని గుర్తుచేస్తుంది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ నాడు ఆ చల్లని దేశంలో అనుకోని ఎండ కాసి, బయలుదేరినవారిలో దాదాపు సగం మంది దారిలోనే ఆగిపోయారు. పోర్చుగల్‌కు చెందిన ఫ్రాన్సిస్కో లాజరో కుప్పకూలి మర్నాడు చనిపోయాడు. జపాన్ నుంచి వచ్చిన కనకురి షిజో దప్పికకు ఆగలేక దారి పక్కన ఒక ఇంటి తోటలోకి వెళ్లి, అక్కడివారు ఇచ్చిన పండ్లరసం తాగి, మళ్లీ పరుగులోకి రాలేదు. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా స్వదేశానికి వెళ్లిపోయిన ఆ యువకుడే తరువాత జపాన్ మారథాన్‌కు పితామహుడనిపించుకొన్నాడు. 1920లో మొదలై నేటికీ ఆ దేశమంతా కళ్లప్పగించి చూసే హకోనె ఎకిడెన్ అనే రిలే పరుగుకు ఆద్యుల్లో ఒకడయ్యాడు. 1967లో స్వీడన్ వారు ఆయనను పిలిచి, ఆగిన పరుగును పూర్తి చేయించారు. సమయం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజుల పైచిలుకు అని ప్రకటించారు. వేడికి ఓడిపోవడం చేతగానితనం కాదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఇంకా సందేహమున్నవారికి 2019 దోహా ప్రపంచ పోటీలు చాలు. ఎండను తప్పించడానికి మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టినా, 68 మంది బయలుదేరి 40 మందే గమ్యం చేరారు. కెన్యాకు చెందిన విజేత సమయం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. అదే ఏడాది జనవరిలో దుబాయిలో ఆమె 2 గంటల 17 నిమిషాల 8 సెకన్లలోనే ఆ దూరం పరుగెత్తింది. ప్రపంచ విజేతకే వేడి పావుగంట సుంకం వేసినప్పుడు, హైదరాబాదు యాత్రికుడు తన గడియారం ముందు తల వంచుకోవలసిన పని లేదు.

కోట దగ్గర దారి మారుతుంది. బయట మట్టికోట, దాని లోపల కందకం, ఆపైన గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి ఎత్తు పెంచి బలపరచిన రాతికోట. ఆ రాతిగోడకు 45 బురుజులున్నాయి. కోట వాకిళ్లు నేరుగా ఉండవు. శత్రువు గుర్రాలూ ఏనుగులూ ఒక్క ఊపున దూసుకురాకుండా, లోపలికి వచ్చేవాడు మలుపులు తిరిగి వేగం తగ్గించుకొనేలా కట్టారు. అప్పటికే వేగం తగ్గిపోయినవాడికి ఆ గోడల నీడ మాత్రం పెద్ద వరం. రెండు మలుపుల మధ్య రాతిని చేత్తో తాకితే రాత్రి చల్లదనం ఇంకా అక్కడ మిగిలి ఉంది. ఎండ పడే వైపు రాయి అప్పటికే వెచ్చబడింది. ఆ రెండు స్పర్శల మధ్య తేడాయే ఆ ఉదయపు కథ. గోడ దాటి వస్తే, కూలిన స్వయంభూ దేవాలయపు శిథిలాల మధ్య నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు, తెలంగాణ రాజముద్రలోనూ చోటు చేసుకొన్న కాకతీయ కళాతోరణం రూపంలో, కనిపిస్తాయి. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచి గుడిని కూల్చినా తోరణాలు నిలిచాయి. ఏడు శతాబ్దాలకు పైగా ఎండలో నిలబడి ఉన్న ఆ రాతి ద్వారాలను చూస్తూ నడిచిన చివరి కిలోమీటరు, పరుగుగా విఫలమైనా, ఆ యాత్రలో అన్నిటికంటే విలువైన భాగం. గమ్యం దగ్గర గడియారం 1 గంట 11 నిమిషాలు చూపింది.

ఆ గమ్యం దగ్గరే ఆ ఉదయపు అసలు లోపం బయటపడింది. ఒక కుర్రాడు గీత దాటి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ కూలబడ్డాడు. వేడి వల్ల మనసు తడబడటం మామూలు అలసట కాదు, వడదెబ్బకు గుర్తు. అప్పుడు చేయవలసినది మొదట చల్లబరచడం, తరువాత ఆసుపత్రికి తరలించడం. మంచునీళ్లు నింపిన తొట్టిలో మెడదాకా కూర్చోబెడితే నిమిషాల్లో ఒంటి వేడి దిగుతుంది. అక్కడ అంబులెన్సు ఉంది కాని మంచు లేదు, తొట్టి లేదు. పక్కనున్న రన్నర్లే తమ సీసాల నీళ్లు అతడి తల మీద, మెడ మీద పోసి, చొక్కాలతో విసిరారు. కాసేపటికి అతడు తన ఊరి పేరు చెప్పగలిగాడు. 2015 మే నెల వడగాడ్పుల్లో దేశవ్యాప్తంగా 2,000 మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. అంతటి నష్టం చూసిన నేల మీద, డబ్బు తీసుకొని జనాన్ని ఎండలో పరుగెత్తించేవారు ఒక తొట్టెడు మంచు సిద్ధం చేయకపోవడం క్షమించదగిన పొరపాటు కాదు.

వరంగల్‌లో పరుగులు ఆగాలని ఎవరూ కోరరు. ఇంత మంచి దారి, ఇంత పరుగు తెలిసిన యువత మరో ఊరికి అరుదు. నవంబరు నుంచి జనవరి దాకా ఇక్కడి ఉదయాలు పరుగుకు ఎంతో అనువైనవి. వేసవిలో తప్పదనుకొంటే, జెండా ఐదింటికే దిగాలి, అతిథి రాకపోతే కట్ట మీద పరుగెత్తే కానిస్టేబుల్ అభ్యర్థి ఎవరి చేతైనా ఊపించవచ్చు. చివరి మనిషి దాటేదాకా నీళ్లుండాలి, గమ్యం దగ్గర మంచు తొట్టి ఉండాలి. పరుగెత్తేవారు కూడా పేరు నమోదు చేసుకొనే ముందు టీషర్టు రంగు కాక ఈ మూడింటిని అడగాలి; కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది పదిహేను రోజులు పడుతుంది కనుక, చల్లని గదుల నుంచి నేరుగా వచ్చి పాత వేగాన్ని ఆశించకూడదు. ఆ ఆదివారం పదిన్నరకు యాత్రికుడు తిరుగు రైలు కోసం కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడేసరికి, పట్టాల పక్కని కంకర రాళ్లు చేత్తో ముట్టుకోలేనంతగా కాలుతున్నాయి.